అందరూ అంటే ఎవరు

వార్డో రేవులో జనవరి.
మధ్యాహ్నం కూడా రాత్రికి కొనసాగింపే.
మూడో అంతస్తులో కిటికీ పక్కన కూర్చుని
పడవల కోసం ప్రోగ్రాం రాస్తున్నాను.
రేవు అధికారి గ్యూరో అడిగింది ఒక్కటే ప్రశ్న:
అందరూ వచ్చేశారా?
వచ్చేస్తే గట్టు మీద పచ్చదీపం వెలగాలి,
క్రేన్ నడిపే టోర్‌మోద్ ఇంటికెళ్ళి పడుకోవాలి.

ఈ మాత్రానికి లూపు రాయడం దేనికి?
లైబ్రరీలో ముగ్గురు అక్కచెల్లెళ్ళు
ఎప్పట్నించో పని కోసం చూస్తున్నారు.
జాబితా మొదట ఒక వేలు, చివర ఒక వేలు పెట్టి
పేరైనా పెట్టని చిన్న ప్రశ్న చేతికిస్తే
గుమ్మం గుమ్మం తిరిగి అడిగొస్తారు.
ఎనీ ఆఫ్‌కి ఒక్క ఔను దొరికితే పండగ.
నన్ ఆఫ్‌కి ఆ ఒక్క ఔనే అలక.
పెద్దక్క ఆల్ ఆఫ్ మాత్రం
ఎవరో ఒకరు కాదనే దాకా నడుస్తుంది,
కాదన్నారా, అక్కణ్ణించే వెనక్కి.
ఆ పై గుమ్మాల్లో ఎవరున్నారో
దానికీ తెలీదు, నాకూ తెలీదు.

ఒక్క వరసలో పనైపోయింది. ముద్దొచ్చింది.
పరీక్షలూ రాశాను.
పదకొండు పడవలూ వచ్చినట్టు,
ఒకటి రానట్టు,
ఏదీ రానట్టు.
జాబితాయే రానట్టు రాయాలని
తోచలేదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం
ఉత్తరపు గాలి మంచును అడ్డంగా విసిరింది.
కొండ మీద రిసీవరుకి చెవులు గడ్డకట్టాయి.
పది నిమిషాల్లో పలికిన పడవలే నా జాబితా;
పది నిమిషాలూ ఒక్కటీ పలకలేదు.
నాలుగూ పదిహేడుకి పచ్చదీపం వెలిగింది.
టోర్‌మోద్ కోటు తొడుక్కున్నాడు.

తలుపు దగ్గర ముసలి అస్లాక్,
వలలు అల్లే సూది ఇంకా చేతిలోనే ఉంది,
గోడకేసి చూస్తున్నాడు.
గోడకి పదకొండు కొక్కేలు, పడవకో కప్పు.
సముద్రం నుంచి వచ్చినవాడు
ముందు కప్పు తీసుకుని కాఫీ పోసుకుంటాడు,
తర్వాతే మాట్లాడతాడు.
పదకొండు కప్పులూ గోడకే ఉన్నాయి.
పొడిగా.

"అందరూ వచ్చారంటోంది నీ దీపం"
అన్నాడు. కోపం లేదు గొంతులో.
"అందరూ అంటే ఎవరు?"

తెర మీద చూశాను. సున్నా.
మొదటి వేలూ చివరి వేలూ
ఒకే చోట ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.
అడగడానికి గుమ్మం లేదు,
కాదనడానికి మనిషి లేడు,
కనక ఔనంది పెద్దక్క.
అబద్ధం కాదది. అదే నన్ను వణికించింది.
లేని పడవలన్నీ క్షేమంగా వచ్చేశాయి.
లేని పడవలన్నీ మునిగాయా అని అడిగినా
అంతే నిమ్మళంగా ఔననేది.

గ్యూరో రేడియో అందుకుంది.
టోర్‌మోద్ కోటుతోనే క్రేన్ ఎక్కి
ఉన్న దీపాలన్నీ సముద్రం వైపు తిప్పాడు.
ఏడింటికి మొదటిది వచ్చింది.
తర్వాత మూడు, ఒకదాని వెనక ఒకటి.
చివరిది తెల్లారుజామున,
చుక్కాని విరిగి, ఇంకో పడవ తాడుకి వేలాడుతూ.
అస్లాక్ పడవల్ని లెక్కపెట్టలేదు.
ఆఖరి కొక్కెం ఖాళీ అయ్యాక
లేచి స్టవ్ ఆర్పాడు.

ఇప్పుడు పెద్దక్కని పంపే ముందు
జాబితాలో ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నాను.
ఎవరూ లేకపోతే పచ్చా కాదు, ఎరుపూ కాదు, పసుపు.
"తెలియదని చెప్పడానికి కూడా బల్బు కొనాలా?"
బిల్లు చూసి గ్యూరో అడిగింది.
కొనాలన్నాను.
పాత పెట్టెలో మూడో దీపానికి చోటు లేదు.
టోర్‌మోద్ పక్కనే ఇంకో పెట్టె బిగించాడు,
కొంచెం వంకరగా.